చెమటకు పోయిన వాట్లు

గుండె ఆపరేషన్ అయ్యాక ఆయనకు మిగిలిన పని ఒక్కటే, సైకిల్ తొక్కడం. ఎంత తొక్కినా మంచానికీ బీరువాకీ మధ్య నుంచి అంగుళం కదలని సైకిల్ అది. ఆయన ఓడరేవులో క్రేన్ నడిపే మనిషి. క్రేన్ గదికి పొడుగాటి నిచ్చెన ఎక్కి వెళ్ళాలి. అందుకే ఆసుపత్రిలో వ్యాయామం చేయించే మేడమ్ ఒక షరతు పెట్టింది. తమ సైకిల్ మీద పది నిమిషాలపాటు వంద వాట్లు నిలబెట్టగలిగితేనే ఆయన మళ్ళీ పనిలోకి వెళ్ళాలి. పరీక్ష రేపు పొద్దున.

ఇంట్లో సైకిల్ వాట్లు చూపదు, క్యాలరీలే చూపుతుంది. కాలేజీలో చదివే కూతురు రెండు వారాల కిందట ఆ క్యాలరీలను జౌల్స్‌లోకి మార్చి, సెకన్లతో భాగించింది.

“నాన్నా, పది నిమిషాల్లో యాభై క్యాలరీలు. అంటే దగ్గర దగ్గర మూడొందల యాభై వాట్లు!”

ఆ మాట విన్న దగ్గర్నుంచి ఆయన కాళ్ళు నేల మీద ఆనలేదు. “వంద అడిగితే మూడొందల యాభై ఇస్తున్నాం. ఇంకా బిగించడం దేనికి?” అంటూ పెడల్ బరువు పెంచే మరను బిగించడమే మానేశారు.

పరీక్షకు ముందురోజు సాయంత్రం ఆయన భార్య పాలు కాస్తోంది. గిన్నె చిన్నది, మంట పెద్దది. సగం వేడి గిన్నె పక్కల నుంచి ఎగిసి ఆమె ముఖానికే తగులుతోంది. మంట తగ్గించబోతూ పక్కగదిలోకి చూసింది. ఆయన తొక్కుతున్నారు. బనియన్ పిండితే నీళ్ళు కారేలా ఉంది.

పొయ్యి కట్టేసి కూతురి దగ్గరికి వెళ్ళింది.

“ఆ క్యాలరీలన్నీ పెడల్‌కే పోతున్నాయంటావా?”

“మరెక్కడికి పోతాయమ్మా?”

“నాన్న ఒళ్ళు చూడు, ఎలా కాగిపోతోందో. ఆ వేడికి క్యాలరీలు ఎవరిస్తున్నారు? పక్కింటివాళ్ళా?”

కూతురు పుస్తకం తిరగేసింది. సైకిల్ చూపేది ఒంట్లో ఖర్చయ్యే మొత్తం శక్తి. అందులో సుమారు పావువంతే కాళ్ళ పనిగా మారుతుందట. తక్కినదంతా వేడే.

“నాన్నా... మూడొందల యాభై కాదు. ఎనభై ఏడు.”

ఆయన ముఖం వాడిపోయింది. “పరీక్ష రేపు పెట్టుకుని ఇవాళా చెప్పేది? సరేలే, రేపు పళ్ళు బిగించి లాగించేస్తా. పది నిమిషాలేగా!”

“లాగించేస్తారు,” అంది భార్య. “తర్వాత సగం నిచ్చెన మీద ఆయాసం వస్తే ఎవర్ని పిలుస్తారు? గుండెతో పంతాలొద్దండీ.”

మూడు నెలలుగా నిద్రలో కూడా ఆ క్రేన్‌నే కలవరిస్తున్న మనిషి. కోప్పడతారనే అనుకుంది ఆమె. పెడల్ నెమ్మదిగా తిరిగి ఆగింది. ఆయన చెయ్యి చాచి ఫోన్ అందుకున్నారు.

“మేడమ్, పరీక్ష ఓ మూడు వారాలు వెనక్కి జరుపుతారా? అబ్బే, ఒంట్లో బాగానే ఉందండీ. లెక్కలో నాకు కాస్త ఎక్కువ బలం వచ్చేసింది, అంతే.”

అవతలి నవ్వు ఆమెకు కూడా వినిపించింది. వారానికి కొద్దికొద్దిగానే బిగించమని మేడమ్ చెప్పిందట. ఆయన మరను రవ్వంత తిప్పి, కూతురి వైపు చూశారు.

“ఏమే, మూడొందల యాభై అని పనిలో అందరికీ చెప్పుకున్నాను. ఇప్పుడు నా పరువు?”

“ఎనభై ఏడని చెప్పెయ్ నాన్నా.”

“ఇప్పుడొద్దులే. వంద అయ్యాక చెప్తా,” అని తొక్కడం మొదలుపెట్టారు.