దారా సంతలో తేలిన పందెం

హమాది జాలో గారి కోడ్‌ పాతబడిందని అనే ధైర్యం మా ఆఫీసులో ఎవరికీ లేదు. ఇరవై ఏళ్ళ కిందట ఆయన ఒక్కడే కూర్చుని రాసిన కోడ్ అది. మా అందరికీ అన్నం పెట్టింది అదే. కానీ పోయిన తబాస్కికి, అదే బక్రీద్ పండక్కి, దాంతో నడిచే గొర్రెల అమ్మకం సైటు మొరాయించింది. కాపరుల సంఘం చివరి అవకాశం ఇచ్చింది. మళ్ళీ ఆగిపోతే వాళ్ళు వేరే చోటికి పోతారు, వాళ్ళు పోతే ఆఫీసు మూతే.

అయినా అందరూ నోరు కుట్టుకుని కూర్చున్నారు. నాకు ఒళ్ళు మండింది. నా పేరు రమాటా, ఇంటిపేరు బా. బా వాళ్ళకీ జాలోలకీ తాతల నాటి వేళాకోళం వరస. ఎంత మాటన్నా కోపం తెచ్చుకోకూడదు, తెచ్చుకున్నవాడే నవ్వులపాలు. మీటింగులో లేచాను.

"బావా, నీ కోడ్‌కి పళ్ళూడిపోయాయి. దాన్నింకా మేతకి తోలుతున్నావు."

"నోర్ముయ్యవే! బా వాళ్ళకి తిండి తప్ప ఏం తెలుసు?"

"తెలుసు కాబట్టే కొత్త ఫ్రేమ్‌వర్క్‌లో సైటంతా మళ్ళీ రాశాను. నీది ఎక్కడ నొక్కినా పేజీ మొత్తం మళ్ళీ లాగుతుంది. నాది సిగ్నల్ పోయినా పని చేస్తుంది."

"ఆ కొత్తవి రెండేళ్ళలో చస్తాయే. నాది ఇన్నేళ్ళు బతికింది."

అది వేళాకోళం కాదు, భయం. జాలేసింది, కానీ తగ్గలేదు.

"దారా పశువుల సంతకి పద బావా. కాపరులనే తేల్చమందాం."

సంత రోజున రెండు సైట్లూ జనానికి తెరిచి ఉంచాం. సంతలో సంఘం పెద్ద యేరో సో తన పగిలిన ఫోన్‌లో ముందు ఆయన సైటు తెరిచాడు, తన పొట్టేలు ఫొటో ఎక్కించాడు. చక్రం తిరిగి తిరిగి తెల్ల తెర మిగిలింది. మళ్ళీ మొదటి నుంచి. చివరికి పొట్టేలే విసుగెత్తి పక్కకి తిరిగింది.

తర్వాత నాది. ఫొటో తీయగానే సిగ్నల్ పూర్తిగా పోయింది. తెర మీద మా పులార్ భాషలో అక్షరాలు కనిపించాయి: 'దాచాం. సిగ్నల్ రాగానే పంపుతాం.' యేరో సిగ్నల్ కోసం పక్కనున్న గట్టు మీదికి ఎక్కి నిలబడ్డాడు, ఫొటో వెళ్ళింది. కాసేపటికే ఫోన్ మోగింది. ఎవరో ఆవిడ, రాజధాని డకార్ నుంచి, ఆ పొట్టేలు ఇంకా ఉందా అని.

"ఉంది తల్లీ, ఉంది!" అని అరిచి, యేరో మావైపు తిరిగాడు. "ఈ పిల్ల చేసింది పెట్టండి. మేం ఎక్కడికీ పోం."

ఎగిరి గంతేశాను. హమాది నేరుగా వెళ్ళి కారెక్కాడు. నిజంగా నొచ్చుకున్నాడేమోనని భయపడుతూ పక్కన కూర్చున్నాను.

"నాక్కూడా నేర్పుతావా?" అన్నాడు, ముందుకే చూస్తూ.

వెంటనే సరే అనబోయాను. అయినా బా వాళ్ళ పరువుంది కదా.

"నేర్పుతా. ముందు జాలోలకి ఏమీ రాదని ఒప్పుకో."

ఆయన అద్దం దించి, తల బయటికి పెట్టి, సంతంతా వినేలా అరిచాడు. "జాలోలకి ఏమీ రాదర్రా! రేపట్నుంచి నేను ఈ పిల్ల దగ్గర బడికెళ్తున్నా!"