మెడ వంగే ఈటె

రోమన్ సైనికుల ఈటె ఒకటి చేసిపెట్టమంటే శివయ్య తాత నన్ను ఎగాదిగా చూశాడు. చేవెళ్ల దగ్గరి మా ఊరు హిమాయత్‌నగర్‌లో మిగిలిన ఒకే ఒక్క కమ్మరి ఆయన. నాలుగు నెలల కిందట ఆయన చేసిన గడ్డపార మా మారయ్య పెదనాన్న చేనులో వంగిపోయింది. తప్పు బండదని తాత, తాత చేతిదని పెదనాన్న. పెదనాన్న గొంతుకు మైకు అక్కర్లేదు, ఊరంతా ఆయన మాటే నమ్మింది. అందరూ చేవెళ్ల దుకాణాలకు పోవడం మొదలుపెట్టారు. కొలిమి చల్లబడింది.

అలాంటి మనిషిని, కాలేజీ ప్రాజెక్టు కోసం, వంగే ఇనుము అడిగాను నేను! రోమన్ సైన్యంలో కమ్మరులు ఉండేవారు. ఈటె మొనను గట్టిగా, దాని కింది సన్నటి మెడను మెత్తగా చేసేవారని చదివాను. డాలులో దిగగానే మెడ వంగితే శత్రువు దాన్ని తిరిగి విసరలేడు. తాత అంతా విని సరేనన్నాడు.

ఆదివారం చర్చి అయ్యాక పెదనాన్నతో పాటు పదిమంది తాత వాకిట్లో చేరారు. ఈటెను చెక్క పలకకేసి విసిరాను. దిగబడింది. మెడ వెంట్రుకవాసి కూడా వంగలేదు. ఎవరో చప్పట్లు కొట్టారు. తాత పెదనాన్న వైపు చూసి మీసం దువ్వుకున్నాడు. ఆ ముఖం చూశాక, మెడ వంగాల్సిందని అందరి ముందూ అనలేకపోయాను.

ఊరుకుంటే పోయేది. కానీ ఆయన పనిని ఉత్తుత్తిగా మెచ్చుకోవడానికి మనసొప్పలేదు. అందరూ వెళ్లాక, మొనతో పాటు మెడను కూడా కాల్చి, గట్టిపడాలని నీళ్లలో ముంచావా అని మెల్లగా అడిగాను.

తాత ఈటెను పలకలోంచి పీకి చేతిలోకి తీసుకున్నాడు.

"అవ్ దీవెనా, ముంచిన. నా చేతిల ఇంకోటి వంగితే నేను ఊర్ల ఎట్ల తిరగాలె?"

నాకు ఏడుపొచ్చింది. ఇదే చాలు తాతా అని లేచాను. ఆయన వినలేదు. మెడను మళ్లీ ఎర్రగా కాల్చి, మెల్లగా చల్లారాలని బూడిదలో కప్పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే పెదనాన్నను ఆయనే పిలిపించాడు. ఈసారి తానే విసిరాడు. మొన దిగింది, మెడ వంగింది, వెనకున్న కర్ర నేలకు వాలింది. పెదనాన్న నవ్వబోయాడు.

"ఇది వంగాలని చేసిన, వంగింది మారయ్యా. నీ గడ్డపారకు మాత్రం పదును సరిగ్గ పెట్టలే, మెత్తగుండిపోయింది. తప్పు బండది కాదు, నాది. తీస్కరాపో, మంచిగ చేసిస్త."

పెదనాన్న నవ్వు ఆగిపోయింది. ఇంటికి వెళ్లి, నాలుగు నెలలుగా పారేయకుండా దాచిన ఆ గడ్డపారను భుజాన వేసుకుని వచ్చాడు. అప్పటికే తాత కొలిమి అంటించాడు.