రాయికి మైల లేదు

పెనం మీద జొన్నరొట్టె పొంగింది. ఓబులమ్మ దాన్ని తడిచేత్తో తట్టి, తిరగేసి, పొయ్యిలో పుల్లను కాస్త వెనక్కి లాగింది. గడప మీద కూర్చున్న అత్త మాలకొండమ్మ మొదటి రొట్టె కాలినప్పటి నుంచీ మాట్లాడుతూనే ఉంది.

"దేవుడు ఏ మనిషినీ వట్టి చేతుల్తో పంపడు ఓబులా. ఒక్కొక్కరికి ఒక్కోటి మూటగట్టి పంపుతాడు. మీ మామకు గొంతు ఇచ్చినాడు. భజనలో ఆయన ఎత్తుకున్నాడంటే పక్కూరోళ్ళు లేచి కూచునేవాళ్ళు. నా కొడుక్కు చెయ్యి ఇచ్చినాడు. వాడు రాయి మీద ఉలి పెడితే చాలు, పలక దానంతటదే ఊడొస్తాది."

"మరి నీకేమిచ్చినాడత్తా?"

"నాకా? మీ అందర్నీ ఇచ్చినాడు, మొత్తుకొమ్మని." తన మాటకు తనే పకపకా నవ్వింది.

"నాకు?"

మాలకొండమ్మ సంతలో ఎద్దును బేరమాడే మనిషిలా కోడలిని ఎగాదిగా చూసింది. "నీకు ఓపిక ఇచ్చినాడు. ఆడదానికి అంతకు మించి ఏం కావాల?"

ఓపిక! ఓబులమ్మ రొట్టెను బుట్టలో వేసింది గానీ ఆ మాటను మాత్రం ఎక్కడా వేయలేకపోయింది. దేవుడిచ్చిందే అయితే అది పుట్టింట్లో ఎందుకు కనపడలేదు? అక్కడ అమ్మ తనను "తిక్కదానా" అనే పిలిచేది. ఈ ఓపిక అనేది పెళ్ళయ్యాకే పుట్టుకొచ్చింది. కోడి కూయకముందే పేడనీళ్ళు చల్లాలి, బర్రెను పిండాలి, వండి వార్చాలి. ఆ పైన మొగుడు గురుస్వామి, "ఊరికే కూచునేదానివే గదా, ఈ పలకలు రుద్దు" అని గుట్ట తెచ్చి ముందు పోస్తాడు. ఇసుక, నీళ్ళు పోసి అరిచేతులు పాలిపోయేదాకా రుద్దితే అవి నున్నగా తేలతాయి. బండికెక్కేటప్పుడు మాత్రం అవి గురుస్వామి పలకలు. చాకిరీకి ఓపిక అని ముద్దుపేరు పెట్టి దేవుడి మీదికి తోసేశారు. దేవుణ్ణయితే ఎవరూ నిలదీయరు గదా అనుకుంది.

సరే, నిజంగా తనకేమిచ్చాడో చూద్దామనుకుంది. పాట ఎత్తుకుంటే బర్రె పాలు ఎగచేపింది. ముగ్గు పెడితే అది వంకరలు తిరిగి వీధిలోకి పోయింది. "మా వాకిలి దాకా వచ్చినావు, ఆ చేత్తోనే ఊడ్చి పో వదినా" అని ఎదురింటి రంగనాయకమ్మ నవ్వింది. చింతకాయ పచ్చడి నూరితే గురుస్వామి చెంబెడు నీళ్ళు ఒక్క గుక్కలో తాగాడు.

ఆ నెల ఆమె బయట చేరేసరికి, ఆ మూడు రోజులూ ఎప్పుడూ కూర్చునే దొడ్డి పాక వానకు కూలిపోయి ఉంది. మాలకొండమ్మ దూరం నుంచే చెయ్యి ఊపింది. "కొట్టంలో రాళ్ళ పక్కన కూచో పో. రాయికి మైల లేదు."

గురుస్వామి చేను విత్తడానికి పోయాడు. వేళకు ఎవరో ఇంత సంగటి దూరంగా పెట్టి పోయేవారు. నీళ్ళు తెమ్మనేవాళ్ళు లేరు, పలకలు రుద్దమనేవాళ్ళు లేరు. ఇల్లు తనను ముట్టుకోని ఆ మూడు రోజుల్లోనే ఓబులమ్మ తనకు తాను మిగిలేది.

కొట్టం మూల, చూరు కింద, గురుస్వామి విసిరేసిన దిమ్మలు పడి ఉన్నాయి. గనిలోంచి తెచ్చిన రాయిని తడి గోనె కప్పి ఉంచాలి. ఆరితే పొరలు బిగుసుకుపోతాయి, చీల్చబోతే పెళ్ళలుగా విరుగుతుంది. గురుస్వామికి తడపడానికి తీరిక ఉండదు. "మొద్దురాయి" అని మూలకు నెడతాడు. ఆ మొద్దురాళ్ళు ఇప్పుడు చూరు నీళ్ళకు నాని నాని ఉన్నాయి. ఓబులమ్మ ఒకదాన్ని ఒళ్ళోకి లాక్కుని అంచు మీద గోరు నడిపింది. గోరు ఒకచోట ఆగింది. అక్కడ మొగుడు వదిలి పోయిన ఉలి ఆనించి సుత్తెతో చిన్నగా తట్టింది. పెళ్ళ లేచిపోయింది. ఇంకోదానికి మూల విరిగింది. తర్వాతి దిమ్మకు తొందరపడలేదు. ఒక దెబ్బ వేసి, రాయి ఏమంటుందో విన్నట్టు ఆగి, అంచు వెంట కాస్త జరిగి మరో దెబ్బ వేసింది. పెనం మీద రొట్టె పొంగి రెండు పొరలుగా విడినట్టు, రాయి మెత్తగా విడిపోయింది. లోపల నల్లగా, చల్లగా, పుట్టినప్పటి నుంచి ఎవరి చూపూ తగలని పలక!

ఆమెకు నవ్వొచ్చింది. ఎవరైనా వింటారని కొంగు నోట్లో కుక్కుకుని మరీ నవ్వింది. సంగటి పెట్టిన చోటే చల్లారిపోయింది. ఓపిక పడితే ఒళ్ళు బరువెక్కుతుంది. ఇదేదో ఆకలి కూడా వేయనివ్వడం లేదు.

చీల్చిన పలకలను మొగుడి గుట్ట అడుగున కలిపేసింది. పాకను మళ్ళీ ఎవరూ లేపలేదు, మైలని గురుస్వామి ఆ రోజుల్లో కొట్టం వైపు వచ్చేవాడు కాదు, అప్పటి నుంచి నెలనెలా అదే పని. వంశం కోసం చూసే మాలకొండమ్మకు ఆ రోజు రాగానే మొహం ముడుచుకునేది, కోడలి మొహం విప్పారేది. దసరాకు అత్త గుట్టంతా వెదికి అన్నిటికన్నా పల్చటి పలకను ఏరి, పసుపు రాసి, బొట్టు పెట్టి సరస్వతీదేవి ముందు ఆనించింది. "చూసినావా, నా కొడుకు చెయ్యి!" ఓబులమ్మ దండం పెట్టుకుంటూ పెదవులు బిగించి నవ్వు ఆపుకుంది.

కార్తీకంలో, మార్కాపురంలో పలకల దుకాణం నడిపే వలి బాషా బండి తోలుకొచ్చాడు. గుట్ట తిరగేస్తూ ఆగిపోయాడు.

"ఏం గురుసామీ, బంగారాన్ని అడుగున దాచిపెట్టినావే! చెన్నపట్నం వాళ్ళు ఇట్లాంటివే అడుగుతాండారు. ఎప్పుడు నేర్చినావయ్యా ఈ పని?"

గురుస్వామి ఆ పలకను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది నా చెయ్యి కాదు సాయిబూ."

"ఎగతాళి వాడికి! వాడిదే, దేవుడిచ్చిన చెయ్యి" అంది మాలకొండమ్మ.

"ఎవరి చెయ్యయితే నాకేందమ్మా? ఇక మీదట ఇవే కావాల. మందపాటివి నాకొద్దు." పల్చటివన్నీ బండికెక్కించుకుని వలి బాషా పోయాడు.

గురుస్వామి తన చేతిలోనే ఉండిపోయిన ఆ ఒక్క పల్చటి పలకను పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. ఓబులమ్మ లోపల లెక్క వేసుకుంది. నోరు మూసుకుంటే ఆ మూడు రోజులైనా తనకు మిగులుతాయి, కానీ పలకలు ఎప్పటికీ ఆయనవే. నోరు తెరిస్తే మైల అంటారు, ఉలి లాక్కుంటారు, ఆ మూడు రోజులూ పోతాయి. నెలకు మూడు రోజుల బతుకు దాచుకోవడానికా ఇంత భయం అనిపించింది.

"అవి నేను చీల్చినా" అంది.

"నువ్వా? పొద్దుగూకులూ నా కండ్ల ముందే ఉంటివి. ఎప్పుడు చీల్చినావే?"

"నీ కండ్ల ముందు లేనప్పుడు."

మాలకొండమ్మకు అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. చెయ్యి చెంపకు పోయింది. "ఓయమ్మో! ఆ మూడు దినాల్లోనా? పసిబిడ్డలు ఓనమాలు దిద్దే పలకలే అవి! సరస్వతీదేవి గదే!"

"రాయికి మైల లేదని నువ్వే గదత్తా కూచోబెట్టినావు."

"అది రాయి! ఇది పలక!"

"రాయి ఏ దెబ్బకు పలకయితాదో చెప్పు. ఆ దెబ్బకు ముందే చెయ్యి తీసేస్తా."

గురుస్వామికి ఎందుకో దగ్గు వచ్చింది.

"దసరాకు నువ్వు పసుపు రాసి పెట్టిందీ నాదే. ఆయమ్మ ఏమీ అనలేదు. ఆయమ్మా ఆడదే గదా అత్తా."

మాలకొండమ్మ గొంతు తగ్గింది. "సరేలే, ఆ మూడు దినాలు ఎట్లాగూ వట్టిగానే ఉంటివి. చీల్చుకో."

"చాలవు. రేపట్నుంచి రోజూ, ఎండెక్కక ముందే ఉలి పట్టుకుంటా. దేవుడు నాకిచ్చింది ఇది. ఓపిక అంటావా, మీరు కూడా తలా కాస్త తెచ్చుకోండి."

"ఏందే ఆ మాటలు! తెల్లారి నువ్వు ఉలి పట్టుకుంటే నీళ్ళెవరు తెస్తారే? నీ మొగుడా?"

గురుస్వామి చేతిలోని పలకను జాగ్రత్తగా గోడకు ఆనించాడు. చూరు కిందున్న కావడి అందుకుని రెండు వైపులా కడవలు తగిలించాడు. తల్లి వైపు గానీ, భార్య వైపు గానీ చూడలేదు. గడప దాటి, వీధి వీధంతా వాకిళ్ళలోకి వచ్చి చూస్తుండగా, బావి దారి పట్టాడు.