సుంకయ్య శెట్టి తలుపు తట్టిన పగలు

వీధి నిండా మోకాళ్ళ లోతున జొన్నలు పారుతున్నాయి. తిమ్మక్క ఆ వరదకు ఎదురు నడుస్తోంది, ఒక కాలు పైకి తీసేసరికి రెండో కాలు ఇంకా లోతుకు దిగబడుతోంది, పక్కనే ఆమె పన్నెండు బండ్లూ ఎద్దులు లేకుండానే వరసగా కదిలిపోతున్నాయి, వాటి మీది పత్తి మండుతోంది గాని పొగ రావడం లేదు. ఆడవాళ్ళు వంగి గింజలు కొంగుల్లోకి ఎత్తుకుంటున్నారు. కొంగులు తడిసి ఎర్రగా ఉన్నాయి. ఒకామె ఎర్ర గింజలను ఏరి పక్కన పెడుతూ, "ఇవి శెట్టివి, మనవి కావు" అంటోంది.

వీధి చివర తన ఇల్లుండాల్సిన చోట సుంకయ్య శెట్టి అంగడి ఉంది. అంగట్లో అడుగు పెడితే అది తన వంటిల్లే. పొయ్యి ముందు పీట మీద అతను కూర్చుని ఉన్నాడు. అతను పోయి నలభై రోజులైందని ఆమెకు కలలోనూ తెలుసు. ఎడమ చెవి పైన పుర్రె పగిలి లోపలిది కనిపిస్తోంది, నెత్తురు మెడ మీదుగా దిగి చొక్కా గుండీల దగ్గర రెండు పాయలవుతోంది, అతను మాత్రం అన్నానికి కూర్చున్నవాడిలా నెమ్మదిగా ఉన్నాడు.

"బండ్లు స్టేషను చేరినాయా తిమ్మక్కా?" అంటాడు.

మొగుడు పోయిన ఏడాదికే మరిది చేతి నుంచి బండ్లు లాక్కుని, మగవాళ్ళ మధ్య నిలబడి తానే తోలించిన మనిషి తిమ్మక్క. సుంకయ్య జొన్నల వ్యాపారి, పత్తి కూడా కొని రైలుకెక్కించేవాడు. అతని భార్య ఎప్పుడో పోయింది. ఒక వానలో బండి చక్రం నల్లరేగడిలో కూరుకుపోతే, కూలీలతో పాటు బురదలోకి దిగి అతను భుజం పెట్టాడు. బండి లేచాక ముఖం నిండా బురదతో ఆమెను చూసి నవ్వాడు. ఆ నవ్వుకు ఆమె తిరిగి నవ్వింది, అంతే, అక్కడే మొదలైంది. మూడేళ్ళు అతను ఆమె వసారా దాటి లోపలికి రాలేదు.

"మద్రాసులో మనలాంటోళ్ళకు పెళ్ళి చేయించేవాళ్ళు ఉండారంటే, పత్తి కాలం పోనీ అంటివి" అంటున్నాడు ఇప్పుడు. "పత్తి కాలం పోయింది."

"తెలుసు శెట్టీ."

ఆమె అతని తలకు కట్టు కట్టాలని కొంగు చింపుతుంది. చింపిన కొద్దీ కొంగు పెరుగుతూనే ఉంటుంది, వంటిల్లంతా తెల్లటి గుడ్డ పరుచుకుంటుంది, దాని కింద నుంచి ఎవరో గుద్దుతున్నారు. గుడ్డ తీసి చూస్తే తన వీధి తలుపు. బయట సుంకయ్య గొంతు. పీట మీద ఉన్న సుంకయ్య కూడా లేచి వచ్చి ఆమె పక్కన నిలబడి, తలుపు సందులోంచి బయట ఉన్న తనను తానే చూస్తున్నాడు.

బయట మిట్టమధ్యాహ్నం. జొన్నలు దొరకని కరువు ఏడాది. ఆకలితో ఉన్న జనం శెట్టి అంగడి తలుపులు గొడ్డళ్ళతో నరికేశారు, దూలాలు విరిగిన చప్పుడు, మూటలు చిరిగిన చప్పుడు, కాళ్ళ కింద పడి నలిగిన ముసలివాడి ఏడుపు. సుంకయ్య చిరిగిన చొక్కాతో పరిగెత్తుకుంటూ వచ్చి ఆమె తలుపు కొడుతున్నాడు.

"జనం నన్ను ముట్టుకోలేదు" అంటాడు పక్కనున్న సుంకయ్య. "గింజలు తీసుకున్యారు, పోయినారు. చూడు."

ఆమె చూడనంటుంది. కళ్ళు మూసుకుంటే రెప్పల్లోంచి కూడా కనిపిస్తోంది. ఖాళీ వీధిలో ఆమె మరిది బసిరెడ్డి నడిచి వస్తున్నాడు, చేతిలో బండి పక్కన దూర్చే గుంజ. పరిగెత్తడం లేదు. మొదటి దెబ్బ భుజానికి. ఎముక విరగడం ఆమెకు వినిపించింది. సుంకయ్య మోకాళ్ళ మీద పడి, విరగని చేత్తో ఇంకా తలుపు కొడుతున్నాడు. "మా వదిన ఇంటికా నాయాలా" అని రెండో దెబ్బ, చెవి పైన. మూడో దెబ్బకు తలుపు మీదికి నెత్తురు చిమ్మింది, సందులోంచి ఒక చుక్క ఆమె పెదవి మీద పడింది. ఆ చుక్క ఇప్పుడూ వెచ్చగా ఉంది.

ఆమె చెయ్యి గడియ మీద ఉంది. మొదటి దెబ్బకు ముందు నుంచీ ఉంది.

"ఏమిటికి తీయకపోతివి?" కోపం లేదు ఆ గొంతులో, అదే ఆమెకు భరించరాకుండా ఉంది.

"పగలు కదా శెట్టీ" అంటుంది. "నువ్వు నా ఇంట్లోకి రావడం ఊరంతా చూస్తుందనుకుంటి. ఒక్క గడియ ఆలోచిస్తి. ఒక్క గడియే."

సుంకయ్య తల ఊపుతాడు, ఊపినప్పుడల్లా పగిలిన చోట ఎముక ముక్కలు చిన్నగా చప్పుడు చేస్తాయి. "పోలీసులు అడిగినప్పుడు?"

"ఏమీ చూడలేదంటి."

"ఎవరని అడిగిరి కదా నన్ను చూపించి."

"జొన్నల శెట్టి అంటి. బండ్లకు బాడుగిచ్చేటోడంటి."

తలుపు అవతల ముగ్గురు కూలీలు వరసగా నిలబడి ఉన్నారు, మెడల్లో ఎద్దుల పగ్గాలు. జొన్నలు ఎత్తుకుపోయినందుకు పోలీసులు పట్టుకుని, హత్య కూడా వాళ్ళ మీద వేశారు. వాళ్ళ నోళ్ళ నిండా గింజలున్నాయి, మాట్లాడబోతే గింజలు రాలుతున్నాయి. పగ్గాల కొసలు పైకి, ఆకాశంలోకి ఎక్కడికో పోతున్నాయి. ఎవరో పైనుంచి గుంజుతున్నారు, వాళ్ళ మడమలు నేల మీద నుంచి లేస్తున్నాయి.

"నేనెట్లాగూ పోతి" అంటాడు సుంకయ్య. "నన్నొక మారు పేరు పెట్టి పిలువు. మూడేళ్ళలో పిలవకపోతివి."

ఆమె నోరు తెరుస్తుంది. గొంతు రాదు. మడమలు ఇంకా పైకి లేస్తాయి. అతను వెనక్కి నడుస్తున్నాడు, జొన్నలు అతని నడుము దాకా, రొమ్ము దాకా. "వినపడలేదు" అంటాడు, "ఇంకా గట్టిగా." ఆమె ఊపిరంతా కూడగట్టి అరుస్తుంది, గొంతులో ఏదో చీలినట్టవుతుంది, జొన్నలు అతని నోటి మీదుగా మూసుకుంటాయి.

తిమ్మక్క కళ్ళు తెరిచేసరికి ఎండ మంచం మీద పడి ఉంది. మధ్యాహ్నం ఒక కునుకని పడుకుంది. గుమ్మంలో బండ్లు తోలేవాళ్ళ పెద్ద ఈరన్న చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడి ఉన్నాడు. వెనక వాకిట్లో తక్కిన తోలేవాళ్ళు, వాళ్ళ మధ్య బసిరెడ్డి.

"అమ్మా, నిద్రలో ఎవరినో పిలుస్తాంటివి" అన్నాడు ఈరన్న.

"ఎవరిని?"

ఈరన్న తల దించుకున్నాడు. "శెట్టిని. సుంకయ్యా, సుంకయ్యా అని. బజారు దాకా వినపడె."

ఆమె నీళ్ళు తాగింది. గొంతు మండింది. బసిరెడ్డి గుమ్మం దగ్గరికి వచ్చి, "పీడకల వచ్చినట్టుంది వదినా, పడుకో" అన్నాడు.

తిమ్మక్క లేచి కొప్పు ముడేసుకుంది. "ఈరన్నా, బండి కట్టు. ఠాణాకు పోవల్ల. ఆ ముగ్గురు చంపలేదని చెప్పల్ల. చంపిందెవరో నేను చూస్తి."

బొంగురుపోయిన గొంతు మధ్యలో తెగిపోయి, ఆఖరి మాట సరిగా వినపడలేదు. ఆమె బసిరెడ్డి ముఖంలోకి చూస్తూ ఆ మాట మళ్ళీ అంది, వాకిట్లో అందరికీ వినపడేట్టు.