పైపులు ఏడుస్తున్నాయి

ఆఫీసులో అతని అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినిపించేది కాదు. అందరూ బ్రాకెట్ అనేవాళ్ళు. పరాయి భాషల సినిమాలకు తెర అడుగున అక్షరాలు వేసే ఆఫీసు అది. పాత్రలు మాట్లాడే మాటలు రాయడం మిగతావాళ్ళ పని. వినికిడి లేనివాళ్ళ కోసం, మాటలు కాని చప్పుళ్ళన్నీ బ్రాకెట్లలో రాయడం ఇతని పని. తలుపు చప్పుడు, కుక్క అరుపు, దూరంగా రైలు, విషాద సంగీతం. ఇంతోటి దానికి ప్రత్యేకంగా ఒక మనిషి కావాలా అని ఎవరైనా అంటే అతనికి ఒళ్ళు మండేది.

నిజానికి తలుపులన్నా కుక్కలన్నా అతనికీ చిన్నచూపే. అతని ప్రాణమంతా సంగీతం దగ్గర ఉండేది. అదీ ఏ సంగీతం పడితే అది కాదు. పచ్చటి కొండ, పొగమంచు, అంచున సముద్రం ఉన్న సినిమా ఏదైనా ఆఫీసుకొస్తే, మిగతావాళ్ళ చెయ్యి పడకముందే ఎగరేసుకుపోయేవాడు. అందులో తప్పకుండా ఒక రేకు ఈల మోగుతుంది. వెనకే ఫిడేళ్ళు అందుకుంటాయి. కథానాయకుడు ఊరొదిలి వెళ్ళిపోతుంటే డోలు మీద పుల్ల ఆడుతుంది. ఆ ఐరిష్ సంగీతం వినబడగానే బ్రాకెట్ కళ్ళద్దాలు తీసి తుడుచుకునేవాడు.

ఐర్లండ్ ఎక్కడుందో పటంలో చూపించమంటే కాసేపు తడుముకునే మనిషే. సినిమా తీసేవాళ్ళకు కొండ కనబడితే చాలు, ఈల ఊదిస్తారనీ తెలుసు. ఏ దేశమూ కాని దేశంలో, ఏ కాలమూ కాని కాలంలో రాజకుమారుడు గుర్రమెక్కినా అదే ఈల ఊదుతారనీ తెలుసు. అన్నీ తెలిసే కరిగిపోయేవాడు. తెలిసి మోసపోవడంలో ఉన్న సుఖం అనుభవించినవాళ్ళకే అర్థమవుతుంది.

ఈ పిచ్చి అంటించింది అక్క. అతనికి ఎనిమిదేళ్ళప్పుడు, అక్కకు పద్నాలుగు. సినిమా అయిపోయి జనమంతా లేచి వెళ్ళిపోయినా ఇద్దరూ కదిలేవాళ్ళు కాదు. పేర్లు పడుతున్నప్పుడే పాట మొత్తం వేస్తారని కనిపెట్టింది అక్కే. ఊడ్చే ఆవిడ చీపురుతో వచ్చి కాళ్ళెత్తమని కసిరితే, నాలుగు కాళ్ళూ ఎత్తి, మళ్ళీ దించి, చివరి పేరు దాకా కూర్చునేవాళ్ళు. అక్క చెప్పు విడిచి తన పాదం తమ్ముడి పాదం మీద వేసి తకిట తకిట అని తాళం కొట్టేది.

నాలుగేళ్ళ కిందట అక్కకు జ్వరం వచ్చింది. తగ్గింది. తగ్గుతూ తగ్గుతూ రెండు చెవులనూ పట్టుకుపోయింది. చెవికి పెట్టే మిషన్లేవీ పని చెయ్యవని డాక్టరు కాగితం మీద రాసి చూపించాడు. అక్క ఆ కాగితం మడిచి, మర్నాడు యథాప్రకారం కుట్టు దుకాణం తెరిచింది. బడి యూనిఫారాలు, కిటికీ తెరలు కుట్టడం ఆవిడ వృత్తి. పెదవుల కదలిక చూసి సగం, కొలతల పుస్తకంలో రాయించుకుని సగం, జనంతో నెట్టుకొచ్చేది. ఆవిడ ఒక్కరోజూ ఏడవలేదు. తమ్ముడే నిబ్బరం కోల్పోయి, ఉన్న ఉద్యోగం వదిలేసి ఈ బ్రాకెట్ల ఉద్యోగంలో చేరాడు. చెవుల్లోంచి పోయిన పాటను కళ్ళలోంచి లోపలికి పంపిస్తానని అతని పట్టుదల. అది అక్కకు చేరుతోందా లేదా అన్నదొక్కటే అతనికి కావాలి. నాలుగేళ్ళుగా ఆవిడ చూసిన ప్రతి సినిమాకూ "బాగుందిరా" అనే అంది. ఆ బాగుండటం దేన్ని గురించో ఎప్పుడూ చెప్పలేదు.

ఒక్క సినిమాకు మాత్రం ఏడ్చింది. సముద్రం ఒడ్డున రాతి ఇల్లు, అందులో ఒంటరిగా ఒక ముసలావిడ, ఎప్పటికో తిరిగొచ్చే కొడుకు. అంతే కథ. అందులో ఇలిన్ పైపులని ఒక వాద్యం ఉంది. చంకలో తోలు తిత్తి నొక్కుతూ వాయిస్తారు. ముసలావిడ ప్రాణం పోతున్నప్పుడు అది మోగితే రాయి కూడా కరుగుతుంది. బ్రాకెట్ పదకొండుసార్లు రాసి కొట్టేసి, చివరికి "ఇలిన్ పైపులు, ఒంటరిగా, పొగమంచులోంచి ఏడుస్తున్నాయి" అని రాశాడు. ఆఫీసు మేడమ్ లెక్క ప్రకారం బ్రాకెట్‌లో మూడు మాటలు దాటకూడదు. ఆవిడ తెలియని పేరనీ, అక్కర్లేని పొగమంచనీ కత్తిరించుకుంటూ పోయి "పైపులు ఏడుస్తున్నాయి" దగ్గర ఆగింది. అతను ఒకరోజంతా ముఖం మాడ్చుకుని తిరిగాడు. కానీ ఆ ముక్క దగ్గరే అక్క కొంగుతో కళ్ళొత్తుకోవడం స్వయంగా చూశాడు. ఇక నేల మీద నిలబడలేదు. ఆర్నెల్లపాటు ఆఫీసులో కనబడినవాళ్ళందరికీ క్లుప్తత గొప్పదనం గురించి ఉపన్యాసాలిచ్చాడు.

ఒక సోమవారం మేడమ్ గదిలోకి పిలిచి ఒక ఉత్తరం చేతిలో పెట్టింది. వినికిడి లేనివాళ్ళ సంఘం కార్యదర్శి రాసినది.

"మా సభ్యులం పదిహేడుమందిమి కలిసి మీ సినిమా చూశాం. ముసలావిడ ఇంట్లో పైపులు ఆవిడ పోయేముందు ఒకసారి, కొడుకు వచ్చాక ఒకసారి, పాతిపెట్టాక ఒకసారి ఏడ్చాయి, అనగా కారాయి. అంతసేపు కారినా నీళ్ళు ఎక్కడా కనబడలేదు. చివరికి ఇల్లు మునుగుతుందని ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. మునగలేదు. కొడుకు ఒక్కసారైనా ఆ పైపుల వంక చూడకపోవడం మాకు చాలా బాధ కలిగించింది. లోపం దర్శకుడిదా, మీదా తెలియజేయగలరు."

బ్రాకెట్ రెండుసార్లు చదివాడు.

"పైపులంటే నీళ్ళ పైపులు కాదండీ," అన్నాడు.

"ఆ సంగతి మీకు తెలుసు. నాకు తెలుసు. వాళ్ళకెలా తెలుస్తుంది?" అంది మేడమ్.

"ఇలిన్ అన్న మాట మీరే తీసేశారు."

"ఉంచితే ఇలిన్ కంపెనీ పైపులు అనుకునేవాళ్ళు."

"పోనీ తిత్తి అని మారుస్తాను. మన మాటే."

"తిత్తి ఏడుస్తోంది అంటారా? చచ్చిపోయే మనిషి పక్కన తోలు తిత్తి ఎందుకుంది, అదెందుకు ఏడుస్తోంది అని ఇంకో ఉత్తరం వస్తుంది. విషాద సంగీతం అని వెయ్యండి. ఆఖర్న పేర్లు పడేచోట నా కంట పడకుండా మీరు రాసిన పురాణమంతా తీసేసి, సంగీతం అని ఒక్క మాట ఉంచండి."

మామూలుగా అయితే అతను వాదించేవాడు. ఆరోజు అతని బుర్రలో మేడమ్ లేదు, పదిహేడుమందీ లేరు. అక్క కొంగు ఒక్కటే ఉంది.

ఆదివారం మధ్యాహ్నం దిద్దిన సినిమా పెన్‌డ్రైవ్‌లో వేసుకుని అక్క ఇంటికి వెళ్ళాడు. అక్క ముందుగదిలో టీవీకి ఎదురుగా కుట్టు మిషను, దాని పక్కన బెంచీ. అరిగిపోయిన ఇనప తొక్కుడు బల్ల ఉన్న పాత మిషను అది. టీవీకి ఎప్పుడూ చప్పుడు ఉండదు. తమ్ముడు వచ్చినప్పుడు మాత్రం రిమోట్ అతని చేతికిచ్చి, పెట్టుకోమన్నట్టు తలూపుతుంది. ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు.

ముసలావిడ మంచం కనబడింది. పైపులు మొదలయ్యాయి. తెర అడుగున "విషాద సంగీతం" అని పడింది.

"పైపులు బాగు చేయించారన్నమాట," అంది అక్క.

బ్రాకెట్ కొలతల పుస్తకం లాక్కుని, ఎవరిదో నడుము కొలత కింద రాశాడు. "అప్పుడు ఎందుకు ఏడ్చావు?"

"ఏడవనూ? ఇల్లంతా పైపులు కారుతుంటే పట్టించుకునే దిక్కు లేదు ఆ ముసలిదానికి. వచ్చినవాడు సముద్రం చూస్తూ నిలబడ్డాడు కానీ, ఒక పాత గుడ్డైనా కట్టలేదు. మన వంటింటి పైపు కారినప్పుడు నువ్వు పని మానుకుని పరిగెత్తుకొచ్చావు చూడు, అది గుర్తొచ్చి ఏడుపొచ్చింది."

ఆర్నెల్ల గర్వం అక్కడికక్కడే చప్పబడిపోయింది. పుస్తకంలో అరపేజీ రాశాడు. పైపులంటే వాద్యమని, చంకలో తిత్తి పెట్టుకుంటారని, తప్పు మూడు మాటల లెక్కదని. అర్థం కాదేమోనని బొమ్మ కూడా వేశాడు. ఆ బొమ్మ మేకపిల్లను చంకనెత్తుకున్న మనిషిలా వచ్చింది. అక్క చదివి, బొమ్మ చూసి, పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, ఉన్నట్టుండి అడిగింది.

"ఇంతకీ ఎలా ఉంటుందిరా అది?"

పెన్సిలు పట్టుకున్నాడు. నాలుగేళ్ళ బ్రాకెట్లన్నీ గుర్తు చేసుకున్నాడు. తీయగా అని రాసి కొట్టేశాడు. దూరంగా అని రాసి కొట్టేశాడు. అక్క ఓపిగ్గా చూస్తూ కూర్చుంది. ఈలోగా సినిమా అయిపోయింది. నల్లటి తెర మీద పేర్లు పైకి పాకడం మొదలైంది. అడుగున "సంగీతం" అన్న ఒక్క మాట పడింది. ఈల, ఫిడేళ్ళు, డోలు అన్నీ కలిసి గంతులు వేసే పాట అందుకున్నాయి.

అతను పెన్సిలు కింద పెట్టాడు. తన పాదం అక్క పాదం మీద వేసి కొట్టడం మొదలుపెట్టాడు. తకిట తకిట తకిట.

అక్క మొదట ఉలిక్కిపడింది. తర్వాత కళ్ళు మూసుకుంది. కాసేపటికి నుదురు చిట్లించింది.

"ఆగాగు. నీకు చిన్నప్పుడూ తాళం తెలీదు. ప్రతిదానికీ ముందే పరిగెడతావు."

అతని పాదం తీసి పక్కన పెట్టి, దాని మీద తన పాదం వేసింది. నలభై ఏళ్ళు మిషను తొక్కిన పాదం. ఎక్కడా తడబడకుండా, చిన్నప్పుడు సినిమా హాల్లో చివరి వరస కుర్చీల్లో కూర్చుని కొట్టిన ఆ పాత పాటే మొదటి నుంచి కొట్టుకుంటూ వచ్చింది. తెర మీద మోగుతున్న పాట వేరు. రెండూ ఎక్కడా కలవడం లేదు.

బ్రాకెట్ రిమోట్ అందుకుని టీవీ చప్పుడు పూర్తిగా తీసేశాడు.