అయిదు గంటల ఓడ

పొద్దున్న తొమ్మిదింటికి ఆర్నెల్ గుంబాన్ పద్నాలుగో ఉల్లిపాయ తరుగుతున్నాడు. యాభై రెండేళ్ల మనిషి. పొట్టివాడు, మోచేతుల దాకా నూనె చిట్లిన పాత మచ్చలు. కళ్లు రెండూ ఎర్రగా వాచి ఉన్నాయి, అదంతా ఉల్లి ఘాటనుకుంటే పొరపాటే. బ్రెజిల్ రేవులో తను వంటవాడిగా పనిచేసే సరుకు ఓడ దిగి, మూడు విమానాలు మారి, ముప్ఫై ఎనిమిది గంటలు కునుకు లేకుండా ఇలోయిలో అనే తన ఊరు చేరాడు. ఇంట్లో కాలు పెట్టి ఇంకా గంట కాలేదు. అక్కడికీ ఇక్కడికీ పదకొండు గంటల తేడా. అతని ఒంటి లెక్కలో ఇప్పుడు రాత్రి పది.

పడుకోవయ్యా అని ఎవరు చెప్పినా వినే స్థితిలో లేడు. ఎలా పడుకుంటాడు? కూతురు జోవెలిన్‌కి ఇవాళ ఒంటిగంటకు బడిలో పట్టా ఇస్తారు. అయిదింటికి ఆ పిల్ల మనీలా ఓడ ఎక్కేస్తుంది, నర్సింగు చదువుకి. సోమవారానికల్లా చేరకపోతే సీటు పోతుంది, ఈ లోపల ఇంకో ఓడ లేదు. తండ్రి ఇంటికి రావడానికీ కూతురు ఇల్లు విడవడానికీ మధ్య మిగిలింది ఈ ఒక్క పగలు. ఆ పిల్లకి పద్దెనిమిదేళ్లొస్తే, అతను ఇంట్లో గడిపిందంతా పోగేసినా నాలుగేళ్లు దాటదు. అందుకే విమానంలోనే ఒట్టు పెట్టుకున్నాడు. ఆకాశం విరిగి మీద పడ్డా సరే, అయిదింటిదాకా కన్ను మూయడు, రేవులో నిలబడి చెయ్యి ఊపుతాడు.

సంతోషంతో కాళ్లు నేల మీద నిలవడం లేదు. కందిగింజలు, పంది మాంసం, పచ్చి పనస ముక్కలు, పులుపుకి నాలుగు బత్వాన్ కాయలు. ఓడలో పదకొండు నెలలూ కలలోకొచ్చిన కూర. ఇంట్లో గిన్నెలు చాలవంటూ పక్కింటి లొర్నా వదినని అడిగి పండగలకి వాడే పెద్ద డేగిసా తెచ్చుకున్నాడు. ఎవరి పెళ్లని ఆవిడ అడిగితే నవ్వేసి గరిటె తిప్పాడు.

పట్టా పుచ్చుకునేటప్పుడు కూతురు తొడుక్కునే గౌను బడి నుంచి అరువు తీసుకుని పదకొండింటికి భార్య లిండా వచ్చింది. పొయ్యి మీద డేగిసా, పక్కన మూడు కుండల అన్నం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమయ్యా, ఇదంతా ఎవరికి?"

"ఇరవై రెండు మందికి," అన్నాడు.

అన్నాక గానీ ఆ మాట అతని చెవికెక్కలేదు. ఓడలో ఉండేది ఇరవై రెండు మంది. పంతొమ్మిదేళ్లుగా చెయ్యి ఆ కొలతే కొలుస్తోంది, బుర్ర మొద్దుబారిన రోజున దాన్ని అడ్డుకునేవాళ్లు లేకపోయారు. ఇంట్లో ఉన్నది ముగ్గురు.

"మరి కెప్టెనుగారేరి? మంచం కింద దాక్కున్నారా?" అంది లిండా.

లొర్నా వదిన గోడ పట్టుకుని నవ్వింది. ఇంకేముంది, మా సందు సందంతా పళ్లేలు పట్టుకుని వచ్చేసింది. నేనూ రెండుసార్లు వడ్డించుకున్నాను, అబద్ధమెందుకు. జోవెలిన్ మూడోసారి పళ్లెం చాపింది. అది చూశాక అతని నిద్ర ఎటో ఎగిరిపోయింది.

ఎగిరిపోయింది గానీ ఒంటిగంటకు మళ్లీ వచ్చి మీద వాలింది. మా బళ్లలో బాగా చదివిన పిల్లలకి పతకం వేసేది తల్లో తండ్రో. పేరు పిలవగానే వేదిక ఎక్కి మెడలో వెయ్యాలి. ఇన్నేళ్లూ లిండాయే ఎక్కింది. ఇవాళ తన వంతు. ఆట స్థలంలో రేకుల కింద వేసిన కుర్చీలు అతని కళ్ల ముందు అటూ ఇటూ ఊగుతున్నాయి. మైకులో మాట నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టుంది. ఒక పంతులమ్మ వచ్చి మీ అమ్మాయిది ఏ సెక్షనని అడిగితే ఆవిడనే వెతికి చెప్పమన్నాడు. కూర్చుంటే ప్రమాదమని వెనక స్తంభం దగ్గరికి పోయి, జేబులో తెచ్చుకున్న పచ్చిమిరపకాయ కొరికాడు. కళ్ల వెంట నీళ్లు కారాయి. పేరు పిలిచేసరికి మాత్రం పరుగెత్తాడు. రిబ్బను టోపీకి చిక్కుకుంటే ఆ పిల్లే తల వంచింది.

"చేతులు వణుకుతున్నాయేం నాన్నా?"

"ఇంజను ఇంకా ఆపలేదమ్మా," అన్నాడు. జీవితంలో ఎప్పుడూ అంత గర్వపడలేదు.

మూడింటికి ఇంటికొచ్చారు. రెండు కప్పుల కాఫీ తాగాడు, నాలుగుసార్లు మొహం కడుక్కున్నాడు. నాలుగింటికి బండి వస్తుంది. కూతురు లోపల సంచి సర్దుకుంటోంది. ఊరికే కూర్చుంటున్నాను, పడుకోవడం లేదు సుమా అని అందరికీ చెప్పి, బూట్లు కూడా విప్పకుండా గుమ్మం పక్క బల్ల మీద కూర్చున్నాడు.

కళ్లు తెరిచేసరికి కిటికీలో ఎర్రటి వెలుగు. ఎవరిదో కోడి కూసింది. మా సందులో కోళ్లకి వేళాపాళా లేదు. ఒళ్లు తేలిగ్గా ఉంది, బుర్ర కడిగి ఆరేసినట్టుంది. హమ్మయ్య, రోజు ఇప్పుడే మొదలైంది అనుకుని పొంగిపోయాడు.

"లిండా, లే! అయిదింటిదాకా బోలెడు టైముంది. అమ్మాయికి టిఫిను నేనే చేస్తాను."

లిండా వంటింట్లోంచి వచ్చి పక్కన కూర్చుంది. రేవు గాలికి జుట్టంతా రేగి ఉంది. సాయంత్రం ఆరు దాటిందని మెల్లగా చెప్పింది.

అతను విప్పని బూట్ల వంక చూశాడు.

"లేపలేదేం?"

"లేపబోయాను. అమ్మాయే నా చెయ్యి పట్టుకుని ఆపింది. 'చిన్నప్పుడు నాన్న నన్ను లేపకుండానే ఓడకి వెళ్లిపోయేవాడు, లేపితే ఏడుస్తానని. ఇప్పుడు నేను లేపితే నాన్న ఏడుస్తాడమ్మా' అంది."

అతనికి ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత వచ్చినదాన్ని ఆపుకోలేదు. తుడుచుకోవడానికి చెయ్యెత్తబోతే గుడ్డ అడ్డం తగిలింది. సాయంత్రంలోగా బడికి తిరిగిచ్చెయ్యాల్సిన కూతురి తెల్ల గౌను గడ్డం దాకా కప్పి ఉంది, ఫ్యాను గాలికి జారిపోకుండా దాని పొడవాటి చేతులు రెండూ అతని భుజాల వెనక్కి దోపి ఉన్నాయి.