ఒంటిగంట వరకు రీడింగులు

చిన్నరాములు శుక్రవారం పొద్దున పదిన్నరకు కాలేజీకి వచ్చాడు. గుమ్మడిదల మండలంలోని తన ఊరి నుంచి బొల్లారం దాకా షేర్ ఆటో, అక్కడి నుంచి పటాన్‌చెరుకు బస్సు, పటాన్‌చెరులో ఇంకో బస్సు. హైవే మీద దిగి రెండు కిలోమీటర్లు నడిచాడు. ఎవరు కావాలని గేటు దగ్గర వాచ్‌మన్ అడిగితే, కెమికల్ ఇంజనీరింగ్ ల్యాబులో పిల్లల రికార్డుల మీద సంతకం పెట్టే మేడం కావాలన్నాడు.

ఆ మేడం పేరు సుకుమారి. పదహారేళ్లుగా అక్కడే పాఠం చెబుతోంది. హీట్ ట్రాన్స్‌ఫర్ ల్యాబు ఆమె చేతిలోనే ఉంది. తాను దశరథ్ తండ్రినని ఆయన చెప్పగానే ఆమె కుర్చీలోంచి లేచింది.

దశరథ్ పోయి నలభై రోజులవుతోంది. బొల్లారంలో మందుల ముడిసరుకు చేసే ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో ట్రెయినీగా చేరిన ఎనిమిదో నెలలో, రసాయనాలు కలిపే రియాక్టర్ పేలింది. కాలేజీలో రెండు నిమిషాలు మౌనం పాటించి, మూడో పీరియడు మొదలుపెట్టారు.

చిన్నరాములు సంచిలోంచి ఒక జిరాక్సు కాగితం తీసి బల్ల మీద పరిచాడు. అది ఆ రోజు రియాక్టర్ షీటు. పావుగంటకోసారి రియాక్టర్ దగ్గరికి వెళ్లి లోపలి ఉష్ణోగ్రత చూసి అందులో రాయాలి. ఎడమ పక్క టైము, కుడి పక్క రీడింగు, ఆ పక్కన పొట్టి సంతకం. ఆ బ్యాచ్ సరుకు ఇరవై ఐదు నుంచి ముప్పై డిగ్రీల మధ్య ఉండాలి. షీటులో పొద్దున ఎనిమిది నుంచి ఒక్క అంకె కూడా ఆ హద్దు దాటలేదు. ఇరవై ఆరు, ఇరవై ఏడు, మళ్లీ ఇరవై ఏడు, ఇరవై ఆరు.

రియాక్టర్ పేలింది పదకొండూ నలభైకి. షీటులో ఒంటిగంట వరకు రీడింగులున్నాయి.

"నా కొడుకు పోయినంక ఆరుసార్లు రాసిండట మేడం. సచ్చినోడు ఎట్ల రాస్తడు?" అన్నాడు చిన్నరాములు. "కంపెనీవోళ్లే రాసిన్రు. తప్పు వాని మీద ఎయ్యనీకి."

దశరథ్ ఒక్కడికే రెండంతస్తుల్లో మూడు రియాక్టర్లు అప్పగించారని, పేలింది పై అంతస్తులోదని ఆయన చెప్పాడు. కంపెనీ చెప్పేది కూడా వివరించాడు. రియాక్టర్‌ను చల్లబరిచే పంపు పదకొండింటికే ఆగిపోయిందట. కుర్రవాడు పైకి వెళ్లి చూసి ఉంటే అప్పుడే తెలిసేదట. చూడకుండానే ముందుగా రాసిపెట్టుకున్నాడట. శబ్దం విని చివరికి పైకి పరిగెత్తాడట. మంగళవారం విచారణ ఉంది. అది కొడుకు రాతేనా అని తండ్రిని అడుగుతారు.

ఆయన కోరింది ఒక్కటే. దశరథ్ కాలేజీలో రాసిన ల్యాబు రికార్డు బయటికి తీయాలి, రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి, ఇది వాడి చెయ్యి కాదని మేడం ఒక కాగితం రాసివ్వాలి.

సుకుమారి షీటు చూసింది. ఏడు అంకె నడుముకు అడ్డంగా చిన్న గీత ఉంది. పన్నెండుంబావు దగ్గర ఉన్న ఇరవై ఏడుకు కూడా ఉంది. రికార్డులుండే స్టోర్ రూము తాళం వేసి ఉందని, సోమవారం రమ్మని చెప్పింది. తాళంచెవి ఆమె సొరుగులోనే ఉంది.

ఆయన వెళ్లాక సంగప్పను పిలిచింది. సంగప్ప ఆ ల్యాబు అటెండరు. కాలేజీ కట్టినప్పటి నుంచి ఉన్నాడు. ఇద్దరూ స్టోరులో గంటసేపు వెతికి దశరథ్ రికార్డు తీశారు. అందులోనూ ఏడు నడుముకు అదే గీత ఉంది. ఏడో ప్రయోగం. గొట్టాల్లో పారే నీటిని ఆవిరితో వేడిచేసి, నీరు ఎంత వేడితో బయటికి వస్తుందో కొలవాలి. నాలుగు రీడింగులు, వాటి కింద లెక్క, గ్రాఫు. కింద ఎర్ర సిరాలో ఆమె సంతకం. ఇరవై ఐదుకు ఇరవై నాలుగు మార్కులు. పక్కన 'గుడ్' అని కూడా రాసింది.

ఆవిరి రావాలంటే బాయిలర్ వెలగాలి. ఆ ల్యాబు బాయిలర్ వెలిగి తొమ్మిదేళ్లయింది. ఒక ట్యూబు కారింది, లైసెన్సు మళ్లీ చేయించలేదు, వచ్చే ఏడు చూద్దామని మేనేజ్‌మెంటు అంది. సంగప్ప మాత్రం ఏటా దసరాకు దానికి పసుపు రాసి బొట్లు పెడతాడు. తొమ్మిది దసరాల కుంకుమ దాని మీద పొరలుగా అట్టకట్టింది.

రికార్డు రాయడం మాత్రం ఆగలేదు. ప్రతి బ్యాచ్ తన ముందు బ్యాచ్ నుంచి రీడింగులు తీసుకుంది. సుకుమారి ఆ తొమ్మిదేళ్ల రికార్డులూ నేల మీద పరిచింది. 47.3, 44.6, 42.1, 49.3. అన్నిట్లో అవే. నీటి ధార పెంచేకొద్దీ వేడి తగ్గాలి. నాలుగోసారి పెరిగింది. ఎవరో మొదట 39.4 రాయబోయి అంకెలు తారుమారు చేశారు. ఆ తారుమారు తొమ్మిదేళ్లుగా చేతులు మారుతూ వచ్చింది. ప్రతి దాని కింద ఆమె సంతకం ఉంది.

ఒక్క దశరథ్ రికార్డులోనే 39.4 ఉంది.

అప్పుడు ఆమెకు ఆ మధ్యాహ్నం జ్ఞాపకం వచ్చింది. ముప్పై మంది పిల్లలు సీనియర్ల రికార్డులు ముందేసుకుని రాసుకుంటుంటే దశరథ్ లేచి వచ్చాడు. బాయిలర్ బంద్ ఉంది కదా మేడం, రీడింగ్ ఎక్కడిది అని అడిగాడు. ఆమె ముందు జవాబు పత్రాల కట్ట ఉంది. తల ఎత్తకుండానే, జవాబు ఎంత రావాలో పుస్తకంలో ఉంది, దాన్నుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ రా, రీడింగు వస్తుంది అంది. అంకెలు మరీ సమంగా ఉంటే ఎగ్జామినర్‌కు అనుమానం వస్తుంది, ఒకటి అటూ ఒకటి ఇటూ వెయ్యి అని కూడా అంది. ఆమె చదువుకున్న రోజుల్లో ఆమెకూ ఎవరో అలాగే చెప్పారు. అతను పోయి లెక్క కట్టాడు. సీనియర్ల నాలుగో రీడింగు తప్పని అతనికి అలా తెలిసింది.

ఇరవై ఆరు, ఇరవై ఏడు, మళ్లీ ఇరవై ఏడు, ఇరవై ఆరు. షీటులోనూ ఒకటి అటూ ఒకటి ఇటూ ఉన్నాయి.

శనివారం ఆమెకు పదకొండున్నర నుంచి ఒంటిగంట దాకా థర్డ్ ఇయర్ క్లాసు. బోర్డు మీద సమీకరణం రాస్తూ గోడ గడియారం చూసింది. పదకొండూ నలభై దాటింది. పదకొండూ ముప్పావుకు ఆమె తలలో షీటులోని ఇరవై ఎనిమిది వినిపించింది. పన్నెండుకు ఇరవై ఏడు. పన్నెండుంబావుకు ఇరవై ఏడు. ఆమె పాఠం చెబుతూనే ఉంది, ఏం చెప్పిందో తెలియదు. పావుగంట తిరిగేసరికి దశరథ్ రాసిన అంకె వచ్చేది. ఒంటిగంటకు ఇరవై ఆరు వచ్చింది. తరవాత ఏమీ రాలేదు. సుద్దముక్క పట్టుకుని ఆమె ఇంకా ఎదురుచూస్తుంటే, మేడం బెల్ అయింది అని వెనక బెంచీలోంచి ఎవరో అన్నారు.

ఆదివారం చర్చిలో ఆ పూట పాడే కీర్తనల నంబర్లు గోడ మీద చెక్కపలకలో పెట్టారు. ఆమె వాటిని చూసి తల దించుకుంది. పాడలేదు. గొంతు బాగాలేదా అని భర్త చార్లీ అడిగితే అవునంది.

ఆ సాయంత్రం హెచ్.ఓ.డి. కామరాజుకు ఫోన్ చేసి అంతా చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు. కాలేజీ గుర్తింపు కోసం వచ్చే నెల అక్రిడిటేషన్ టీము వస్తోందని గుర్తుచేశాడు. రికార్డులు మూడేళ్లకు మించి ఉంచం, చించేశామని చెప్పేయమన్నాడు.

"మిమ్మల్ని ఏ ఆఫీసూ అడగలేదు కదా సుకుమారి గారూ. తండ్రి అడిగాడు. తండ్రి ఆఫీసు కాదు," అన్నాడు.

తాను చదివినప్పుడూ రికార్డు అలాగే రాశానని, అందరం అలాగే రాశామని, ఎవరం చావలేదని అన్నాడు. చివరి మాట అన్నాక వెంటనే ఫోన్ పెట్టేశాడు.

సోమవారం చిన్నరాములు చెప్పిన టైముకే వచ్చాడు. ఆమె ఆయన్ని ల్యాబులోకి తీసుకెళ్లి స్టూలు మీద కూర్చోబెట్టింది. రికార్డు, షీటు పక్కపక్కన పెట్టింది. ఆయన వేలు ఒక కాగితం మీది అంకె నుంచి ఇంకో కాగితం మీది అంకెకు చాలాసేపు తిరిగింది. ఏడు దగ్గర ఆగింది.

"వాని చెయ్యే," అన్నాడు.

ఆమె అవునంది.

"అయితే వాడు సూడకుంటనే రాసిండా? అబద్ధం రాసిండా మేడం?"

"రాసిండన్నా. అట్ల రాయడం ఈ ల్యాబులనే నేర్చుకున్నడు. నేనే నేర్పిన."

బాయిలర్ చూపించింది. తొమ్మిదేళ్ల సంగతి చెప్పింది. ఆ మధ్యాహ్నం అతను లేచి వచ్చి అడిగిందీ, తాను తలెత్తకుండా చెప్పిందీ ఏదీ దాచలేదు. ఆయన మధ్యలో ఒక్కసారే మాట్లాడాడు. అడిగిండా వాడు, అన్నాడు. ముప్పై మందిలో వాడొక్కడే అడిగిండు అని ఆమె చెప్పింది.

విచారణకు ఇవ్వడానికి ముందు రాత్రి ఇంట్లో రాసుకొచ్చిన కాగితం తీసింది. ఐదు వాక్యాలున్నాయి. షీటు మీది రాత దశరథ్‌దే. ఈ ల్యాబులో తొమ్మిదేళ్లుగా యంత్రం నడవకుండా రీడింగులు రాయిస్తున్నాం. వాటికి మార్కులు వేసింది, సంతకం చేసింది నేను. ఒక ట్రెయినీకి రెండంతస్తుల్లో మూడు రియాక్టర్లు అప్పగిస్తే పావుగంటకోసారి మూడూ చూసి రాయడం కుదరదు. ఈ సంగతి కూడా విచారణలో చూడాలి. చిన్నరాములు చదివి వినిపించమన్నాడు. వినిపించింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"వాడు అడిగిండని అండ్ల లేదు."

ఆమె కలం తీసి ఆరో వాక్యం రాసింది. చదివింది. సంతకం చేసింది. ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి అంగీ జేబులో పెట్టుకున్నాడు. థ్యాంక్స్ అనలేదు, తిట్టలేదు. రెండింటికి పిల్లల ల్యాబుందా అని అడిగాడు. ఉందంటే, తాను ఇక్కడే కూర్చుంటానన్నాడు.

"పిల్లలు ఏం రాస్తరో సూస్త."

థర్డ్ ఇయర్ పిల్లలు ముప్పై ఇద్దరు వచ్చారు. అందరి చేతుల్లో రికార్డులు. ఏడో ప్రయోగం సగం మంది ఇంటి దగ్గరే రాసుకొచ్చారు. మూల స్టూలు మీద పంచె కట్టుకుని కూర్చున్న మనిషిని చూసి గొంతులు తగ్గించారు. ఇన్‌స్పెక్షనా అని ఎవరో గుసగుసలాడారు. సుకుమారి ఆయన ఎవరో చెప్పింది. తరవాత ఇవాళ ఎవరూ రాయొద్దు, రికార్డులు కింద పెట్టండి అంది. బాయిలర్ మూత విప్పడానికి సంగప్పను పానాలు తెమ్మంది.

బాయిలర్ మూతకు ఆరు బోల్టులున్నాయి. రెండు కదిలాయి. నాలుగింటికి కిరసనాయిలు పోసి నానబెట్టాల్సి వచ్చింది. సంగప్ప చేత్తో కుంకుమ పొర గీకి తీసి గుడ్డలో మూటకట్టాడు. పిల్లలు వంతులవారీగా పానా పట్టుకున్నారు. పానా ఎటు తిప్పితే బోల్టు వదులవుతుందో మూడో సంవత్సరం పిల్లల్లో చాలామందికి తెలియదు. మూడున్నరకు మూత వచ్చింది. లోపల గొట్టాల మీద సున్నం వేలి మందాన పట్టి ఉంది. ఒకరి వెనక ఒకరు వంగి ఫోను లైటు వేసి చూశారు.

సృజన అనే అమ్మాయి, ఇంత సున్నంతో నడిపిస్తే నీళ్లు ఎంత వేడెక్కేవి మేడం అని అడిగింది. సుకుమారి తల ఎత్తింది. తనకు తెలియదంది. శుభ్రం చేయకముందు ఒకసారి, చేశాక ఒకసారి కొలిస్తే తప్ప ఎవరికీ తెలియదంది. లైసెన్సు వచ్చేదాకా దాన్ని వెలిగించడానికి లేదని, అప్పటిదాకా రీడింగుల గడి ఖాళీగా ఉంచమని చెప్పింది.

ఖాళీ పెడితే మార్కులెట్ల అని వెనక నుంచి ఒకరు అడిగారు. ఇవాళ చూసింది చూసినట్టు రాస్తే వేస్తానంది. కామరాజు తలుపు దాకా వచ్చి, నేల మీది మూతనూ, స్టూలు మీది మనిషినీ చూసి వెనక్కి వెళ్లాడు.

నాలుగింటికి పిల్లలు బస్సులకు వెళ్లిపోయారు. చిన్నరాములు లేచి సంచి భుజాన వేసుకున్నాడు. బాయిలర్ దగ్గరికి వెళ్లి లోపలికి తొంగి చూశాడు. గేటు దాకా తోడు వస్తానని సుకుమారి అంటే వద్దన్నాడు.

"రేపు పొద్దుగాల ఇచారణ. అయిపోయినంక వస్త. ఎల్లుండి గూడ వస్త," అన్నాడు.

మంగళవారం రెండింటికి పది నిమిషాల ముందు ఆయన వచ్చాడు. కాగితం విచారణలో ఇచ్చానన్నాడు. సంగప్ప స్టూలు దులిపి వేశాడు.